మేకకు లేని ఎముక

ఈ నాలుగు ముక్కలు రాద్దామని కూర్చొని పొద్దున్నుంచి ఐదుసార్లు లేచాను. ఒకసారి పాలు పొంగుతాయని లేచాను, ఒకసారి గేటు చప్పుడైందని లేచాను, తక్కిన మూడుసార్లు ఎందుకు లేచానో నాకే తెలియదు. కుదురుగా కూర్చోవడం నాకు మొదటినుంచీ చేతకాదు. జగిత్యాలలో ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను, ఒక్కనాడూ కుర్చీలో కూర్చొని పాఠం చెప్పిన పాపాన పోలేదు. బల్లల మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉండేదాన్ని. పిల్లలు వెనక నాకేం పేరు పెట్టుకున్నారో కూడా తెలుసు, ఇక్కడ రాయను. రిటైరయ్యాక కాళ్లకు పని తగ్గింది గానీ కుదురు రాలేదు. దానికి తోడు ఆరు నెలలుగా ఎడమ భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా లేవదు, వీపు వెనక్కి అసలే పోదు. కొప్పు ముడుచుకోవడానికి పక్కింటివాళ్ల కోడలిని బతిమాలుకోవాల్సి వస్తోంది.

డాక్టరు మందులు రాసి, ఫిజియోథెరపీ చేయించుకోమన్నాడు. బస్టాండు వెనక సందులో ఒక చిన్న గది, అందులో నుస్రత్ అనే అమ్మాయి ఆ పని చేస్తుంది. కోరుట్ల పిల్ల, ఒకప్పుడు నా దగ్గరే చదువుకుంది. గది మూలన ప్లాస్టిక్ అస్థిపంజరం ఒకటి నిలబెట్టి ఉంటుంది, దాని మెడలో ఎవరో కొలత టేపు దండలా వేశారు. మొదటిరోజే నుస్రత్ నన్ను దాని ముందుకు తీసుకుపోయింది. పంతులమ్మకు పాఠం చెప్పే అవకాశం దొరికిందని ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది.

"గిది చూడుండ్రి మేడం. చెయ్యి బొక్క తల బంతి తీరుగ ఉంటది. గీ గిన్నెకేమో లోతు ఉండదు. గందుకే చెయ్యి అన్ని దిక్కులకు తిరుగుతది, గందుకే జారుడు గూడ జల్ది జారుతది. దీని సుట్టు సంచి తీరుగ ఒక పొర ఉంటది. మీకు గా సంచి ముడుసుకపోయింది, అంతే. బొక్కలన్ని మంచిగనే ఉన్నయ్."

మా వైపు ఎముకను బొక్క అనే అంటాం. నేను బుద్ధిగా తలూపాను. అప్పుడు నుస్రత్ వేలు బొమ్మ గొంతు కింద ఆగింది. అక్కడి నుంచి భుజం కొన దాకా అడ్డంగా, కొంచెం వంపుగా పోయే సన్నని ఎముక మీద వేలితో రాస్తూ నవ్వింది.

"గీ బొక్క మీరు మాకు చెప్పనే లేదు మేడం. యాదికున్నదా? దీని దగ్గరికి రాంగనే 'ఇది మీరే చదువుకోండి' అని ముందుకు పోయిండ్రు. సక్కగ గదే వచ్చింది పరీక్షల."

నేనూ నవ్వాను. వాళ్ల బ్యాచికే కాదు, ఏ బ్యాచికీ చెప్పలేదు. భుజాస్థి చెప్పేదాన్ని, రెక్క ఎముక చెప్పేదాన్ని, ఈ జత్రుక దగ్గరికి వచ్చేసరికి సుద్దముక్క కింద పెట్టి కిటికీ దగ్గరికి పోయేదాన్ని. అది ఇంతకాలం ఎవరూ పట్టుకోలేదనుకున్నాను, ఈ పిల్ల పట్టుకుంది. ఆ పూట వ్యాయామాలు సగంలో వదిలేసి ఇంటికి వచ్చేశాను. ఆ తర్వాత వారం రోజులు అన్నం సయించలేదు, పుస్తకం పట్టలేదు, గదుల్లో తిరిగి తిరిగి పాదాలు నొప్పెట్టాయి.

కోరుట్లలో మా ఇంటి ముందుగది మాంసం దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. ముందుగదిలో చింత మొద్దు, ఇనప కొక్కేలు, కడిగిన నేల తడివాసన. వెనక గదుల్లో తంబాకు ఘాటు, గోనెసంచిలో తడిపి చుట్టి పెట్టిన తునికాకు పచ్చివాసన. అవ్వ, అంటే మా అమ్మ, అక్కతో కలిసి బీడీలు చేసేది. అక్క పేరు రాజేశ్వరి, నాకంటే ఆరేళ్లు పెద్దది. ఐదో తరగతితో బడి మానిపించి ఒడిలోకి చాట ఇచ్చారు. చదువు మానిందే గానీ చదువు మీద యావ మానలేదు. రోజూ నేను బడి నుంచి రాగానే, "ఇయ్యాల ఏం చెప్పిండ్రు? గదే చదువు, ఇంటా" అనేది. నేను గోడకు ఆనుకొని పాఠం బయటికి చదివేదాన్ని, ఆమె కత్తెరతో ఆకు కోస్తూ, తంబాకు పోసి చుడుతూ, దారం కడుతూ వినేది. తల ఎత్తేది కాదు. వింటోందో లేదోనని నేను మధ్యలో రెండు వాక్యాలు ఎగరగొట్టి చూసేదాన్ని. "ఆగు, నడుమ ఏదో పోయింది" అనేది.

మా నాన్నను బాపు అనేవాళ్లం. బాపు పొట్టిమనిషి, మాట తక్కువ, చేతులు మాత్రం పెద్దవి. ఆయన మేకను కోస్తుంటే కత్తి ఎముకకు తగిలిన చప్పుడు వినబడేది కాదు. కీలు ఎక్కడుందో బొటనవేలితో వెతుక్కొని, కత్తికొన అక్కడ ఆనించి మణికట్టు కొంచెం తిప్పేవాడు, అంతే, రెండు ఎముకలూ విడిపోయేవి. ఆదివారం పొద్దున గిరాకీ మొదలవక ముందు నన్ను పక్కన నిలబెట్టుకొని చూపించేవాడు. "గిది తలుపు బందు తీరు, ఒక్క దిక్కే మడుస్తది. గిది గిన్నెల గుండు, ఎటంటే అటు తిరుగుతది. రాన్ గిన్నె లోతు, దస్తు గిన్నె మిట్ట." వెనక కాలును రాన్ అనీ, భుజంతో కలిపి ముందు కాలును దస్తు అనీ, రొమ్ము భాగాన్ని సీనా అనీ దుకాణంలో అందరూ అనే మాటలే. కీలు విప్పినప్పుడు వేళ్లకంటే జిగురు ద్రవాన్ని రెండు వేళ్ల మధ్య రుద్ది, "చూసినవా, లోపట్నే నూనె" అని ఆశ్చర్యపోయేవాడు. రోజూ చూసేదానికి రోజూ ఆశ్చర్యపోవడం ఆయనకు ఎలా సాధ్యమయ్యేదో ఇప్పటికీ తెలియదు. తర్వాత ఎనిమిదో తరగతి పుస్తకంలో మడతబందు కీలు, బంతిగిన్నె కీలు అని చదివినప్పుడు ఆ పుస్తకం రాసినవాళ్లు మా దుకాణానికి వచ్చి పోయారేమో అనుకున్నాను.

సోమవారం దుకాణం మూసేవాడు. వేములవాడ రాజన్న వారం, ఆ రోజు కొనేవాళ్లూ ఉండరు, కోసేవాళ్లూ ఉండరు. ఆ రోజు బాపు పొద్దున్నే శనగపిండితో చేతులు మూడుసార్లు రుద్ది కడుక్కొని, మోచేతుల దాకా వాసన చూసుకొని, తెల్ల ధోతి కట్టుకొని అరుగు మీద కూర్చునేవాడు. గూడ, అంటే భుజం కీలు, జారినవాళ్లు, మోచెయ్యి పక్కకు పోయినవాళ్లు, ఆవలిస్తే దవడ తప్పి నోరు మూతపడనివాళ్లు వచ్చేవాళ్లు. సారంగాపూర్ దాకా ఆయన పేరు తెలుసు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. కోసే చేత్తోనే కూర్చే భాగ్యం ఉందని ఆయనకు లోలోపల గర్వం. ఆదివారం తలవంచుకొని మాంసం కొట్టే మనిషి సోమవారం నిటారుగా కూర్చునేవాడు. పటేళ్లు కూడా ఆ రోజు ఆయనను "అన్నా" అనేవాళ్లు. నాకు సోమవారాలంటే ఇష్టం. బడికి పోతూ అరుగు ముందు నుంచి కావాలనే నెమ్మదిగా నడిచేదాన్ని.

ఆ ఎనిమిదో తరగతి పుస్తకంలోనే భుజం బొమ్మ ఉండేది. ఒక సాయంత్రం అక్కకు ఆ పాఠం చదివి వినిపించాను. జత్రుక అనే ఎముక చేతిని మొండేనికి కలుపుతుందని అందులో రాసి ఉంది. నాకు అనుమానం వచ్చింది. బాపు మేక దస్తు తీసేటప్పుడు కత్తి ఒక్క ఎముకకూ తగలదు, కాలు మొత్తం రెక్క ఎముకతో సహా మాంసంలో నుంచి జారి వచ్చేస్తుంది, కోయడానికి అక్కడ కీలే లేదు. ఆదివారం నా గొంతు కింది ఎముక పట్టి చూపించి, "బాపూ, గిది ఎందాక పోతది?" అని అడిగాను.

"గదా? గది సీనాది బిడ్డా. పక్కబొక్కలల్ల అన్నిటికంటె మీదిది. దస్తుకు దానికి సంబంధం లేదు. దస్తును పట్టుకున్నది అంత మాంసమే. ఎన్నిటిని తీసిన నేను!"

మర్నాడు సైన్సు సారుతో ఇదే వాదించాను. క్లాసంతా నవ్వింది. సారు మాత్రం నవ్వకుండా, "వేలు పెట్టి తడుముకుంటూ పో, ఎక్కడ ఆగుతదో నువ్వే చెప్పు" అన్నాడు. తడుముకుంటూ పోయాను. గొంతు గుంట దగ్గర మొదలై, పక్కటెముకల మీదుగా దాటి, భుజం కొనకు పోయి అతుక్కుంది. సీనాది కాదు, దస్తుదే. మేకకు ఆ ఎముక లేదు, మనకు ఉంది. మేక కాళ్లు ముందుకూ వెనక్కూ ఆడితే దాని బతుకు గడిచిపోతుంది. మనం చెయ్యి పక్కకు చాపాలి, పైకెత్తాలి, పిల్లను చంకనేసుకోవాలి, అందుకోసం భుజాన్ని రొమ్ముకు దూరంగా పట్టి ఉంచే ఆసరాకర్ర ఒకటి కావాలి. ఇదంతా సారే చెప్పాడు. మా బాపు తప్పని తెలిసిన ఆ పూట నాకు ఏడుపొచ్చింది. ఇంటికి పోయి ఎవరికీ చెప్పలేదు. ఆయనకు చెప్పడమంటే సోమవారం మనిషికి చెప్పడం, అది నా వల్ల కాలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను.

సరిగ్గా ఆ తర్వాతి సోమవారమే, నేను ఇంకా బడికి బయల్దేరక ముందు, అక్క నిచ్చెన వేసుకొని అటక మీది తునికాకు కట్ట దించబోయి జారిపడింది. కుడి భుజం నేరుగా గచ్చుకు తగిలింది. అవ్వ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. ముందు అరుగు మీద పదిమంది ఉన్నారు. అప్పుడే ఒక రైతు గూడను బాపు టక్కున కూర్చి పంపాడు, జనం ఇంకా ఆ ముచ్చటే చెప్పుకుంటున్నారు. చప్పుడు విని బాపు లోపలికి ఉరికి వచ్చాడు, వెనకాలే నలుగురు వచ్చారు. అక్క ఎడమ చేత్తో కుడి మోచెయ్యి పట్టుకొని కూర్చుంది, తల ఆ పక్కకే వంచింది, భుజం కిందికి వాలిపోయింది. బాపు ఆమె భుజం మీద చెయ్యి వేసి చూశాడు. ఆ పెద్ద చేతులు వణకడం నేను మొదటిసారి చూశాను.

"గూడ జారింది," అన్నాడు.

నేను తలుపు దగ్గర పుస్తకాల సంచితో నిలబడి ఉన్నాను. అక్క గొంతు పక్కన చర్మం కింద ఒక ఎత్తు పొడుచుకొచ్చి ఉండడం నాకు అక్కడి నుంచే కనబడుతోంది. పుస్తకం బొమ్మలో జత్రుక ఎక్కడుందో అక్కడే. అది గూడ కాదు. నోట్లో మాట ఉంది. బాపు తువ్వాలు ఉండ చుట్టి అక్క చంకలో పెట్టాడు, తన మడమ ఆనించాడు, ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అప్పుడు అక్క నా వైపు చూసింది. కళ్లు పెద్దవి చేసి, రెప్ప కొట్టకుండా, నా వైపే చూసింది. నేను నోరు తెరవలేదు. బాపు గుంజాడు. టక్ అనే చప్పుడు రాలేదు, ఎండిన తునికాకు చిట్లినట్టు ఏదో చిన్నగా వినిపించింది. అక్క అరవలేదు. "ఇగ కూసుంది తియ్యన్నా," అన్నారు వెనక నిలబడ్డవాళ్లు.

కూర్చోలేదు. రెండు రోజులకు చెయ్యంతా ఉబ్బింది, చిటికెన వేలూ దాని పక్కవేలూ మొద్దుబారాయి. జగిత్యాల పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. ఎక్స్‌రే వెలుగుకు పట్టుకొని చూసిన డాక్టరు, మెడకింది ఎముక విరిగిందనీ, విరిగినదాన్ని ఎవరో గుంజి నరం దాకా తెచ్చారనీ అన్నాడు. "ఎవరు గుంజింది?" అని అడిగాడు. బాపు ఒక్క క్షణం కూడా ఆగలేదు. "నేనే సార్," అన్నాడు. ఎముక వంకరగా అతుక్కుంది. చెయ్యి ఆ తర్వాత చెవి దాకా లేవలేదు. రెండు వేళ్లకు స్పర్శ తిరిగి రాలేదు. బీడీ చివర మడిచి మూసేది ఆ వేళ్ల సాయంతోనే, వాడలో అందరికంటే చురుగ్గా చేసే మనిషి బీడీలు నాసిరకమని వెనక్కి రావడం మొదలైంది.

దవాఖాన నుంచి వచ్చిన సాయంత్రం బాపు నన్ను పిలిచి పుస్తకం తెమ్మన్నాడు. బొమ్మ చూపించాను. చదువు రాని మనిషి, బొమ్మ మీద బొటనవేలు ఆనించి గొంతు నుంచి భుజం దాకా తీసుకుపోయాడు. కాగితం మీద జిడ్డు గీత పడింది. "గిది నీకు ముందుగాలనే ఎరుకనా?" అని అడిగాడు. "లేదు బాపూ, గా పాఠం ఇంక చెప్పలేదు," అన్నాను. ఆయన పుస్తకం మూసి జాగ్రత్తగా నా చేతికిచ్చాడు. ఆ తర్వాత ఏ సోమవారమూ ఎవరి కీలూ పట్టలేదు. వచ్చినవాళ్లను దవాఖానకు పొమ్మనేవాడు. చేతులు మాత్రం శనగపిండితో కడుక్కునేవాడు, తెల్ల ధోతి కట్టుకునేవాడు, అరుగు మీద ఒళ్లో చేతులు పెట్టుకొని ఊరికే కూర్చునేవాడు. ఆదివారాల్లో దస్తు తీసేముందు మేక మెడ పక్కన వేలు పెట్టి తడిమేవాడు. లేదని తెలిసినా ప్రతి మేకలోనూ వెతికేవాడు. నేను డిగ్రీకి పోయేనాటికి కూడా ఆ అలవాటు పోలేదు. బాపు పోయి చాలా కాలమైంది, ఆయనకు నిజం చెప్పే గడువు దాటిపోయింది.

అక్క ఉంది. సిరిసిల్లలో ఉంది. ఇన్నేళ్లలో పెళ్లిళ్లలో, పండుగల్లో ఎన్నోసార్లు కలిశాం, పక్కపక్కన పడుకున్నాం, ఆ మాట మాత్రం నా నోట రాలేదు. ఆమె ఎప్పుడు చెయ్యి సగం దాకా ఎత్తి ఆగిపోయినా ఆ చూపు గుర్తొచ్చేది. "చెప్పవేందే, నీకు ఎరుక గదా" అని నన్ను అడిగిన చూపు అది. ఇప్పుడు నా చెయ్యి కూడా సరిగ్గా అక్కడికే లేచి ఆగుతోంది. నుస్రత్ నవ్వుతూ అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. వారం తర్వాత ఒక పొద్దున చీర మార్చుకొని, సిరిసిల్ల పోదామని బస్టాండుకు పోయాను.

వేములవాడలో బస్సు మారాలి. ఆడవాళ్లకు ఇప్పుడు జీరో టికెట్, ఆధార్ కార్డు చూపిస్తే చాలు, అందుకని బస్సు నిండా ఆడవాళ్లే. ఎడమ చేత్తో కడ్డీ పట్టుకోలేక అవస్థ పడుతుంటే చేతిలో బీడీల సంచి ఉన్న ఒకామె లేచి సీటిచ్చింది. కాసేపు మాట్లాడాం. "గూడ నొస్తుందా, సూది ఏపిచ్చుకో, నేను ఏపిచ్చుకున్న," అంది. మా రోజుల్లో బొక్క విరిగితే మొదట అరుగు మీదికి పోయేవాళ్లు, ఇప్పుడు వేలు బెణికినా స్కానింగు తీయించుకొని ఫోనులో పెట్టుకొని తిరుగుతున్నారు. ఇది మంచికే, జంతుశాస్త్రం చెప్పినదాన్ని, ఇంకోలా అనలేను. కానీ ఇన్ని పరీక్షలు చేయించుకున్నా నా భుజాన్ని ఇంతవరకు ఎవరూ బొటనవేలితో వెతికి చూడలేదు. నుస్రత్ ఒక్కతే పట్టుకుంటుంది, అదీ మిషను తగిలించేటప్పుడు. బాపు చెయ్యి వేస్తే సగం నొప్పి ముందే తగ్గేదని వచ్చినవాళ్లు చెప్పుకునేవాళ్లు. ఆ చెయ్యినే నేను కాపాడుకోలేకపోయానని అనుకుంటూ కూర్చున్నాను. సిరిసిల్ల వచ్చేదాకా సీటు అంచునే కూర్చున్నాను.

మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలు అంటారు. అక్క ఇంటి సందులో వాటి చప్పుడు ఆగదు, మాట్లాడేవాళ్లు గొంతు పెంచుకోవాల్సిందే. బావ కార్ఖానాకు పోయాడు. అక్క కండెలు చుట్టే చిన్న మిషను ముందు పీట మీద కూర్చొని ఉంది. బీడీలు కుదరక, పెళ్లయి వచ్చినప్పటినుంచీ ఆమెది ఇదే పని. దారం తెగితే మూడు వేళ్లతోనే ముడి వేస్తుంది, ఆ రెండు వేళ్లూ పక్కకు నిలబడి ఉంటాయి. నన్ను చూసి మిషను ఆపింది.

"ఏందే సరోజా, చెప్పకుండ వచ్చినవ్? అందరు మంచిగనేనా?"

నేను కూర్చోలేదు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే చెప్పేశాను. నాకు ఆనాడే ఎరుక అన్నాను. సారు వేలుపెట్టి చూపించాడన్నాను. నువ్వు నా వైపు చూశావు, చెప్పమని అడిగావు, నేను చెప్పలేదు, తర్వాత బాపు అడిగితే అబద్ధం చెప్పాను, నీ చెయ్యి నా వల్లే ఇలా అయింది అన్నాను. సాంచాల చప్పుడులో ఇదంతా దాదాపు అరిచి చెప్పాల్సి వచ్చింది. అక్క కండె చేతిలో పట్టుకొని చివరిదాకా విన్నది.

"అయిపోయిందా? ఇగ జెర కూసో," అంది. "నువ్వు చదువుతుంటే నేను ఊకె విన్నననుకున్నవా? నువ్వు చదువుకుంట పోతున్నవ్, నేను చాట పక్కకు పెట్టి తడుముకున్న. నువ్వు తలకాయె ఎత్తలే. బొమ్మల దానికి గులాబి రంగు పెన్సిలుతోని రుద్దినవ్, గీత దాటి బయిటికి పోయింది. జత్రుక."

ఆ మాట ఆమె నోటి నుంచి విని, తిరుగుతున్నదాన్ని ఆగిపోయాను. గోడకు ఆనుకున్నాను.

"పడంగనే చెయ్యి పెట్టి చూసుకున్న. రెండు తునకలైంది, కొనలు దొరికినయ్ వేలుకు. గూడ కాదని నాకు ఎరుకనే. బయిట పదిమంది ఉన్నరు సరోజా. బాపు చేతులు వణుకుతున్నయ్. గంతమంది ముంగట 'నీకు తెల్వదు బాపు' అని ఎట్లంటనే? నువ్వు నోరు తెరుస్తవని నీ దిక్కు గుడ్లురిమి చూసిన. ఊకో అని. నువ్వు ఊకున్నవ్. మంచిపని చేసిందనుకున్న."

నాకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది, దాచుకోను. యాభై ఏళ్లు మోసిన బరువు నాది కాదని తెలిస్తే మనిషికి తేలిక కావాలి గదా, నాకు ఒళ్లు మండింది. "నిన్నెవరు ఊకోమన్నరే అట్ల? చెయ్యి పోగొట్టుకున్నవ్, వేళ్లు పోగొట్టుకున్నవ్. అయినా బాపు సోమవారాలు దక్కినయా?" అని అరిచాను.

"దక్కలే," అంది అక్క. "చెయ్యి, సోమవారాలు, రెండు పాయె." చేతిలోని కండెను మిషనుకు తగిలించింది. "గుంజితే గింత అయితదని నాకు మాత్రం ఏమెరుక? కట్టు కడితె అదే అతుక్కుంటది అనుకున్న. గది పాఠంల లేదు గదా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను. అక్క లేచి వచ్చి నా ఎడమ చెయ్యి పట్టుకొని మోచెయ్యి కింద తన చెయ్యి ఆనించి పైకి లేపి చూసింది. మొద్దుబారిన రెండు వేళ్లూ నా చర్మానికి చల్లగా తగిలాయి. "గింత కూడ లేస్తలేదా?" అని తిట్టింది. గోడ మీద వేళ్లు పాకించాలని నుస్రత్ చెప్పిన సంగతి చెబితే, అప్పటికప్పుడు నన్ను గోడ ముందు నిలబెట్టి పాకించింది. ఆగిన చోట సుద్దతో గీత గీసింది. తన కుడి చెయ్యి కూడా పక్కన పెట్టి పాకించింది, అదీ ఆ గీత దగ్గరే ఆగింది.

అప్పుడే అక్క కోడలు లావణ్య చాయ్ పట్టుకొని వచ్చింది. గోడ మీద మా ఇద్దరి చేతులూ చూసి నవ్వింది. తర్వాత నా చేతికి కప్పు ఇస్తూ, ఎప్పటినుంచో అడగాలనుకున్న మాటలా అడిగింది. "చిన్నత్తమ్మా, మీ బాపు బొక్కలు మస్తు కూర్చెటోడట గదా. ఊర్లకు ఊర్లు వచ్చేటియట. మరి అత్తమ్మ చెయ్యిని గిట్ల వంకరగ ఎట్ల వదిలిపెట్టిండు? అత్తమ్మను ఎన్నిసార్లడిగిన, ఆనాడు బాపు ధర్మపురి జాతరకు పోయిండు అంటది. నిజమేనా?"

అక్క కోడలి వెనక నిలబడి నా వైపు చూసింది. కళ్లు పెద్దవి చేసి, రెప్ప కొట్టకుండా చూసింది. అదే చూపు.

"అవును," అన్నాను. "ఆనాడు బాపు ఊర్లె లేకుండె. ఉంటే చెయ్యి ఇట్లుండేదా?"

అక్క పీట మీద కూర్చొని మిషను వేసింది. నేను ఆమె పక్కన నేల మీద కూర్చొని చాయ్ తాగాను. సాయంత్రం బస్సు వేళయ్యేదాకా లేవలేదు.